ఫిలడెల్ఫియా వాకింగ్ టూర్: గైడ్‌కి ఐదు స్టార్లు, టూర్‌కి మూడు

మనిషికి 35 డాలర్లు, రెండు గంటల నడక. అమెరికాలోని బ్రిటిష్ కాలనీలవాళ్ళు స్వాతంత్ర్యం ఎలా తెచ్చుకున్నారు, తెచ్చుకున్నాక కొత్త ప్రభుత్వం ఎలా కట్టుకున్నారు, రెండూ ఫిలడెల్ఫియా వీధుల్లోనే చూపిస్తామని వెబ్‌సైట్‌లో రాశారు. మొదటిది బాగానే చూపించారు. రెండోదానికి మిగిలింది ఆరు నిమిషాలు. వాచీ చూసి మరీ చెప్తున్నా.

కంపెనీ పేరు రాయడం లేదు, ఆ గైడ్ కుర్రాడి ఉద్యోగానికి నేనెందుకు ఎసరు పెట్టడం. న్యూజెర్సీలో ఉండేవాళ్ళకి అర్థమవుతుంది, ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే నయాగరా, న్యూయార్క్, బ్రిడ్జ్‌వాటర్ గుడి అయ్యాక మిగిలేది ఫిలడెల్ఫియానే. పైగా మా నాన్న ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. బోస్టన్ టీ పార్టీ గురించి వందల పేపర్లు దిద్దిన మనిషి, ఆ చోట్లు కళ్ళతో చూడాలని వచ్చిన రోజు నుంచీ అడుగుతున్నారు.

ముందు చిరాకు పెట్టినవి చెప్పేస్తా. గ్రూపులో 15 మందికి మించరన్నారు, నేను లెక్కపెడితే 27 మంది. గైడ్ నడుముకి ఒక చిన్న స్పీకర్ ఉంది గానీ చెస్ట్‌నట్ స్ట్రీట్ మీద బస్సు వెళ్ళిన ప్రతిసారీ ఒక వాక్యం గాల్లో కలిసిపోయేది, వెనక నిలబడ్డ నాన్నకి సగం వినపడక "ఏమన్నాడ్రా, ఏమన్నాడ్రా" అని నన్ను గోకుతూనే ఉన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. పాత ఊళ్ళో కొన్ని వీధులు ఇంకా రాళ్ళు పరిచినవే, వాటి మీద రెండు గంటలు నడిపించి మధ్యలో కూర్చోబెట్టింది ఒక్కసారి. అన్నిటికన్నా ముఖ్యమైనది, స్వాతంత్ర్య ప్రకటనా రాజ్యాంగమూ రెండూ పుట్టిన ఇండిపెండెన్స్ హాల్ ఈ టికెట్‌లో లేదు. "చూస్తాం" అని రాశారు, నిజంగానే చూశాం, రోడ్డు మీద నుంచి. లోపలికి వెళ్ళాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్ ద్వారా విడిగా టైం బుక్ చేసుకోవాలి. దానికి మేం కట్టింది టికెట్‌కి ఒక్క డాలర్, అదీ రిజర్వేషన్ ఫీజు. ఆఫీసులో ఒకాయన ముందే హెచ్చరించబట్టి మధ్యాహ్నానికి తీసి పెట్టుకున్నా. మాతో నడిచిన ఒక కుటుంబం ఒహాయో నుంచి వచ్చింది పాపం, వాళ్ళకి ఈ సంగతి అక్కడే తెలిసింది, ఆ రోజుకి టికెట్లు అయిపోయాయి.

ఇక గైడ్. పాతికేళ్ళు కూడా ఉండవేమో, చరిత్రలో పీజీ చేస్తున్నాడట. కార్పెంటర్స్ హాల్ ముందు మొదలుపెట్టాడు. 1774 సెప్టెంబరులో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే కాలనీల ప్రతినిధుల సభ, కూర్చుంది ఇక్కడే, జార్జియా తప్ప మిగతా పన్నెండు కాలనీలవాళ్ళు వచ్చారు. అప్పటికి ఎవరి నోటా స్వాతంత్ర్యం అన్న మాట గట్టిగా రాలేదు, రాజుగారికి అర్జీ పెట్టుకుని, బ్రిటిష్ సరుకు కొనడం మానేద్దాం అనేవరకే. అసలు గొడవంతా బాకీ దగ్గర మొదలైందని బాగా చెప్పాడు. 1763లో ముగిసిన ఏడేళ్ళ యుద్ధంలో ఫ్రాన్స్ మీద గెలిచారు గానీ ఇంగ్లాండ్ నెత్తిన అప్పు కొండలా పేరుకుంది, ఆ అప్పులో కొంత కాలనీల దగ్గర రాబట్టాలనుకున్నారు. 1765లో స్టాంపు చట్టం. కోర్టు కాగితాలకీ, పత్రికలకీ, ఆఖరికి పేకముక్కలకి కూడా పన్ను. ఇక్కడ నాన్న పక్కకి తిరిగి, "పేకాట జోలికెళ్తే ఎవడూరుకుంటాడ్రా" అన్నారు. పార్లమెంటులో మాకు ప్రతినిధి లేనప్పుడు మా జేబులో చెయ్యి పెట్టడానికి మీరెవరు అన్నది కాలనీల వాదన. మరుసటి ఏడు ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు గానీ, పన్ను వేసే హక్కు మాత్రం మాదే అని ఇంకో చట్టం చేసి పెట్టుకున్నారు. చెయ్యి తీశారు, జేబు వదల్లేదు.

టీ పార్టీ దగ్గర అతను చెప్పింది నాకు బాగా నచ్చింది. బోస్టన్‌లో పన్ను మీద కోపంతో 342 పెట్టెల టీ సముద్రం పాలు చేసిన సంగతి అందరికీ తెలిసిందే, 1773 డిసెంబరు 16న. కానీ అదే నెలలో ఫిలడెల్ఫియాకీ ఒక టీ ఓడ వచ్చింది, దాని పేరు పాలీ. ఊరి జనం వేలల్లో స్టేట్ హౌస్ (ఇప్పటి ఇండిపెండెన్స్ హాల్) దగ్గర పోగై, టీ గనక దింపావో తారు పూసి ఈకలు అంటిస్తామని కెప్టెన్‌ని బెదిరిస్తే, అతను ఒక్క పెట్టె కూడా దింపకుండా ఓడ తిప్పుకుని లండన్ వెళ్ళిపోయాడు. బోస్టన్‌కి పేరొచ్చింది, ఇక్కడ పని నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ టీ అంతా ఈస్ట్ ఇండియా కంపెనీది. అప్పుల్లో మునిగిన కంపెనీని ఒడ్డున పడేయడానికే టీ చట్టం అని ఒకటి చేశారు. నాన్న ఇక ఆగలేక చెయ్యెత్తారు, క్లాసులో పిల్లాడిలా. అక్కడ స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే ఆ కంపెనీ మా ఆంధ్ర తీరాన ఉత్తర సర్కార్లకి మొగల్ పాదుషా దగ్గర ఫర్మానా పుచ్చుకుందని, తన స్కూల్ ఇంగ్లీషులో నిదానంగా చెప్పారు. గైడ్ నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. 27 మందిలో ఎంతమందికి పట్టిందో తెలీదు గానీ, ఆ క్షణం నుంచి వాళ్ళిద్దరూ దోస్తులైపోయారు.

స్వేచ్ఛకి గుర్తుగా చెప్పుకునే పాత గంట లిబర్టీ బెల్ దగ్గర క్యూ పెద్దది, మా బ్యాచ్ కిటికీ అద్దంలోంచి చూసి ముందుకు కదిలింది. (అది ఫ్రీ, తర్వాత మేమే వెళ్ళి దగ్గరగా చూశాం. బరువు 2,080 పౌన్లు, దాని మీద పెన్సిల్వేనియా స్పెల్లింగ్‌లో ఇప్పుడు మొదట్లో పక్కపక్కనే రెండు వచ్చే 'ఎన్' అక్షరం అక్కడ ఒక్కటే ఉంటుంది, అమ్మ దాని ముందు నిలబడి దండం పెట్టింది, గంట కదా మరి.) దాని పక్కనే, మార్కెట్ స్ట్రీట్ మూల మీద, వాషింగ్టన్ ప్రెసిడెంటుగా ఉన్న ఇల్లు ఉండేది. ఇప్పుడు గోడల ఆనవాళ్ళే. ఆ ఇంట్లో తొమ్మిది మంది బానిసలని ఉంచుకున్నాడాయన. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బయటి రాష్ట్రంవాళ్ళు తెచ్చుకున్న బానిసలు ఆరు నెలలు దాటి ఇక్కడుంటే విడుదల అడగొచ్చు. అందుకని గడువు దగ్గర పడేసరికి వాళ్ళని రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చేవాళ్ళు. ఓనీ జడ్జ్ అన్న అమ్మాయి 1796లో అక్కడ నుంచే తప్పించుకుని న్యూ హాంప్‌షైర్ వెళ్ళిపోయింది, చచ్చేదాకా దొరకలేదు. ఇది మా గైడ్ చెప్పాలనే అనుకున్నాడు, నోరు తెరిచాడు కూడా, ఇంతలో ఫోన్‌లో టైం చూసుకుని "మిగతాది మీరు చదవండి" అని కదిలిపోయాడు. రూట్ తయారు చేసినవాళ్ళు ఆ మలుపుకి రెండు నిమిషాలే ఇచ్చారని అర్థమైంది. సావనీర్ షాపు ముందు మాత్రం పావుగంట ఆపారు.

1776 జులై సంగతులు మాత్రం అదరగొట్టాడు. స్వాతంత్ర్యానికి ఓటు పడింది జులై 2న, ప్రకటన పాఠం ఆమోదించింది 4న, జనానికి మొదటిసారి చదివి వినిపించింది 8న హాల్ వెనక మైదానంలో, చాలామంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. జులై 2నే రాబోయే తరాలు పండగ చేసుకుంటాయని జాన్ ఆడమ్స్ భార్యకి ఉత్తరం రాశాడు, రెండు రోజుల తేడాతో ఓడిపోయాడు. డెలవేర్ ప్రతినిధులు ఇద్దరు చెరోవైపు ఉంటే, మూడో ఆయన సీజర్ రాడ్నీ రాత్రంతా వానలో గుర్రం మీద వచ్చి ఓటు తేల్చాడన్న కథ చెప్పేటప్పుడు, పక్కన నిలబడ్డ చిన్నపిల్లలు కూడా నోరు తెరుచుకుని విన్నారు. జెఫర్సన్ రాసిన ప్రకటన చిత్తుప్రతిలో దాదాపు నాలుగో వంతు కాంగ్రెస్ కోసేసిందని, బానిస వ్యాపారాన్ని తిట్టిన పేరా అందులో పోయిందని కూడా దాచకుండా చెప్పాడు.

యుద్ధం ఎనిమిదేళ్ళది ఐదు నిమిషాల్లో అయిపోయింది. సారటోగాలో అమెరికన్ల గెలుపు, అది చూసి 1778లో చెయ్యి కలిపిన ఫ్రాన్స్, వ్యాలీ ఫోర్జ్‌లో జబ్బులతో పోయిన రెండు వేల మంది సైనికులు, ఆఖరికి 1781 అక్టోబరులో యార్క్‌టౌన్. అదేం తప్పుగా అనిపించలేదు, ఆ యుద్ధభూములు ఇక్కడ లేవుగా. కానీ యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ జనరల్ కారన్‌వాలిస్ అనగానే నాన్న నా భుజం నొక్కారు. "మన కారన్‌వాలిసే!" ఔను ఆయనే. లొంగిపోయే రోజు ఒంట్లో బాగాలేదని కత్తిని కింది ఆఫీసర్ చేత పంపించి, ఐదేళ్ళకి గవర్నర్ జనరల్‌గా ఇండియాలో దిగి, టిప్పు సుల్తాన్ రాజ్యంలో సగం లాక్కుని, 1793లో శాశ్వత శిస్తు బందోబస్తు పెట్టిన కారన్‌వాలిస్. ఇక్కడ ఓడిన మనిషికి మన దగ్గర ప్రమోషన్ దొరికింది.

రెండు గంటలు దగ్గర పడ్డాయి. ఇండిపెండెన్స్ హాల్ ఎదురుగా నిలబెట్టి, "1787లో ఇదే గదిలో రాజ్యాంగం కూడా రాశారు, అదే ఈ రోజుకీ నడుస్తోంది, థాంక్యూ, టిప్ ఇవ్వాలనుకుంటే ఈ కోడ్ స్కాన్ చేయండి" అని ముగించబోయాడు. నా అసలు కంప్లైంట్ ఇదే. రాజుని కాదనడం ఎంత కష్టమో రెండు గంటలు విన్నాం, రాజు లేకుండా పదమూడు రాష్ట్రాలని ఒక తాటి మీద నిలబెట్టడం ఎంత కష్టమో చెప్పేవాడు లేడు. ఆ రెండోదే కదా ఈ ఊరి అసలు సరుకు!

నాన్న వదల్లేదు. "బాబూ, 1776కీ 1787కీ మధ్య పదకొండేళ్ళున్నాయే, అప్పుడు ప్రభుత్వం ఎవరు?" అని అడిగారు. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక మమ్మల్ని వెనక మైదానంలో చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి, తన లంచ్ టైంలో నలభై నిమిషాలు చెప్పాడు. ఐదు స్టార్లు ఆ నలభై నిమిషాలకి.

అప్పుడున్నది కాన్ఫెడరేషన్ ఒప్పందం, 1781 నుంచి అమల్లోకి వచ్చింది. రాజు మీద భయంతో ప్రెసిడెంటు అన్నవాడే లేకుండా చేసుకున్నారు, దేశం మొత్తానికి కోర్టుల వ్యవస్థ లేదు, పెద్దదైనా చిన్నదైనా రాష్ట్రానికి ఒక్క ఓటు. కాంగ్రెస్ యుద్ధం ప్రకటించొచ్చు, అప్పు చేయొచ్చు, కానీ పన్ను వేయడానికి లేదు. రాష్ట్రాలని చందా అడగాలి, ఇస్తే ఇచ్చినట్టు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మెయింటెనెన్స్ కట్టనివాళ్ళని ఏమీ చేయలేని సెక్రటరీ ఉంటాడు చూడండి, అచ్చం అదే పరిస్థితి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుందామంటే ఒప్పందం మార్చాలి, మార్చాలంటే పదమూడు రాష్ట్రాలూ ఊఁ అనాలి, 1782లో అన్నిటికన్నా బుల్లి రాష్ట్రం రోడ్ ఐలండ్ ఒక్కటీ ఉహూఁ అంది, అంతే, మూలపడింది. 1783 జూన్‌లో జీతాలు రాని సైనికులు నాలుగు వందల మంది దాకా తుపాకులతో ఈ బిల్డింగ్‌నే చుట్టుముట్టారు. పెన్సిల్వేనియా రాష్ట్రం రక్షణకి తన మిలిషియాని (పౌరుల దళాన్ని) పిలవలేదు. దాంతో దేశానికి కాంగ్రెస్ అన్నది మూటాముల్లె సర్దుకుని ప్రిన్స్‌టన్ పారిపోయింది. నేను రోజూ ఆ ప్రిన్స్‌టన్ మీదుగానే ఆఫీసుకి వెళ్తా, ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకు తెలీదు.

తర్వాత మసాచుసెట్స్‌లో అప్పులూ పన్నులూ కట్టలేని రైతులు, వాళ్ళలో చాలామంది మొన్న మొన్నటిదాకా బ్రిటిష్‌వాళ్ళతో కొట్లాడినవాళ్ళే, పొలాలు జప్తు కాకుండా కోర్టులు మూయించడం మొదలుపెట్టారు. డానియల్ షేస్ తిరుగుబాటు అంటారు. అది అణచడానికి కేంద్రం దగ్గర సైన్యమూ లేదు, డబ్బూ లేదు. పెద్దమనుషులకి వణుకు పుట్టింది. 1787 మే 25న ఈ హాల్లో కూర్చున్నారు. పాత ఒప్పందాన్ని సవరించడానికని పిలిచి, తలుపులకి కాపలా పెట్టి, కిటికీలు మూసి, లోపల ఏకంగా కొత్తది రాయడం మొదలుపెట్టారు. రోడ్ ఐలండ్ అసలు మనుషులనే పంపలేదు. పెద్ద రాష్ట్రాలు జనాభా లెక్కన సీట్లు కావాలన్నాయి, చిన్నవి అందరికీ సమానం కావాలన్నాయి, వారాల తరబడి కొట్లాట. జులై 16న రాజీ: కింది సభలో జనాభా ప్రకారం, సెనేట్‌లో అన్ని రాష్ట్రాలకీ సమానం. అయిదు రాష్ట్రాలు సరే అంటే నాలుగు వద్దన్నాయి, అలా గెలిచింది. "ఒక్క ఓటా!" అంది అమ్మ, అప్పటిదాకా నిద్రపోతోందనుకున్నా. ఆ రాజీలోనే బానిసలని అయిదుగురికి ముగ్గురి లెక్కన జనాభాలో కలిపారు. వాళ్ళకి ఓటు లేదు, వాళ్ళ తలల మీద వచ్చిన సీట్లు మాత్రం యజమానులవి. గైడ్ ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు, అందుకు కూడా ఒక స్టార్.

మధ్యాహ్నం మా డాలర్ టికెట్ టైం వచ్చింది. లోపలి గది మరీ పెద్దదేం కాదు. "మా స్కూల్ అసెంబ్లీ హాల్ దీనికన్నా పెద్దది" అన్నారు నాన్న. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, ఈక కలాలు, కొవ్వొత్తి స్టాండ్లు. పార్క్ రేంజరమ్మ నిజాయితీగా చెప్పేసింది, ఆ బల్లలు చాలావరకు ఆ కాలానివే గానీ ఆ గదివి కావని, 1777 చలికాలంలో ఊరిని ఆక్రమించిన బ్రిటిష్ సైన్యం ఇక్కడి సామాను మిగల్చలేదని. కానీ ఎదురుగా ఎత్తు మీదున్న కుర్చీ మాత్రం అసలుదే, సభకి అధ్యక్షుడిగా వాషింగ్టన్ కూర్చున్నది. వీపు ఆనే చెక్క పైన సగం సూర్యుడు చెక్కి ఉంటాడు, బంగారు రంగు, కిరణాలు విడివిడిగా కనపడతాయి. 81 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్ అన్ని నెలలూ దాన్ని చూస్తూ ఇది ఉదయించేదా, అస్తమించేదా అని తేల్చుకోలేకపోయాడట, సెప్టెంబరు 17న సంతకాలు జరుగుతుంటే ఉదయించేదే అన్నాడట. నాన్న తాడు దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. వెనకాల క్యూ ఉన్నా రేంజరమ్మ ఏమీ అనలేదు.

పక్కనే కాంగ్రెస్ హాల్, అదీ ఫ్రీనే, చాలామంది వదిలేస్తారు. 1797లో వాషింగ్టన్ దిగిపోయి ఆడమ్స్ ప్రెసిడెంటుగా ప్రమాణం చేసింది అక్కడే. యుద్ధం గెలిచిన జనరల్ ఎవరూ గెంటకుండా తనంతట తాను ఇంటికెళ్ళడం ఆ కాలానికి ఎంత వింతో టూర్‌లో ఒక్క ముక్క లేదు.

ఓపిక ఉంటే నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌కి కూడా వెళ్ళండి, దానికి టికెట్ ఉంది. అక్కడొక హాల్లో 42 కంచు విగ్రహాలు నిలువెత్తువి, మధ్యలో తిరగొచ్చు. సంతకం పెట్టినవాళ్ళు 39 మంది, మిగతా ముగ్గురూ చివరిదాకా ఉండి పెట్టం అన్నవాళ్ళు. వాళ్ళలో జార్జ్ మేసన్ అభ్యంతరాల్లో పెద్దది, జనం హక్కులు ఇందులో రాయలేదని. ఆ గొడవ వల్లే తర్వాత 1791లో మొదటి పది సవరణలు వచ్చాయి. సంతకం పెట్టనివాళ్ళకీ విగ్రహాలు పోయించిన చోటు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు, నాన్న మాత్రం ఫొటో మేసన్ పక్కనే తీయమన్నారు. అమ్మ ఫ్రాంక్లిన్ పక్కన. ఆయనది కూర్చున్న విగ్రహం, "ఈయనకీ కాళ్ళ నొప్పులే" అంది.

ఎవరికి పనికొస్తుందంటే, పిల్లలతో వెళ్ళి జులై 4 కథ వింటే చాలనుకునేవాళ్ళకి ఈ టూర్ ఓకే. పెద్దవాళ్ళని తీసుకెళ్తే వద్దు. డాలర్ పెట్టి హాల్‌కి పొద్దున్నే టైం తీసుకోండి, సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది కాబట్టి అరగంట ముందెళ్ళండి, బాత్రూం పని విజిటర్ సెంటర్‌లోనే కానిచ్చుకోండి, నీళ్ళ బాటిల్ మర్చిపోవద్దు, కార్పెంటర్స్ హాల్ ఆఖరికి పెట్టుకోండి. మిగిలిన 35 డాలర్లు కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌కి పనికొస్తాయి. మా గైడ్‌కి నాన్న తన పర్సులోంచే ఇరవై డాలర్లు తీసిచ్చారు. ఇద్దరూ ఈమెయిళ్ళు ఇచ్చిపుచ్చుకున్నారు. మొన్న అతను ఉత్తర సర్కార్ల మ్యాప్ ఏదైనా ఉందా అని అడిగాడట, నాన్న వెతుకుతున్నారు.